అయ్యవారు మన ఫోన్‌లోకి వచ్చాక

సెప్టెంబరు 5 అనగానే మనకి గుర్తొచ్చేది ఉపాధ్యాయ దినోత్సవం. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు. పిల్లల చేతికి ఒక గులాబీ, ఒక పెన్ను ఇచ్చి బడికి పంపిస్తాం. ఇదే తారీఖున ఈ మధ్యకాలంలో ఇంకో రెండు సంగతులు జరిగాయి, వాటిని మనం అంతగా పట్టించుకోలేదు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. మొదట్లో కొన్ని నెలలు ఇంటర్నెట్టు ఉచితం కావడంతో, అప్పటిదాకా లెక్క చూసుకుని వాడుకున్న మన ఇళ్ళలో వీడియోలు ధారగా పారడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి, 2017 సెప్టెంబరు 5న, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు గారు దీక్ష అనే ప్రభుత్వ విద్యావేదికని ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన నల్లని గళ్ళతో ముగ్గులాంటి ఒక చతురస్రం కనిపిస్తుంది చూడండి, క్యూఆర్ కోడ్, దాని మీద ఫోన్ పెడితే ఆ పాఠం తెర మీదకి వస్తుంది.

అయ్యవార్ల పండగ రోజునే అయ్యవారి పని మారిపోయే ఏర్పాట్లు రెండూ జరిగాయన్నమాట. కావాలని చేశారో కలిసొచ్చిందో గానీ, నాకైతే ఇది భలే తమాషాగా అనిపిస్తుంది.

"ఇక టీచర్లతో పనేముంది, అంతా ఫోన్‌లోనే ఉందిగా" అనే మాట పెళ్ళిళ్ళలో, కిట్టీ పార్టీల్లో వింటూనే ఉన్నాం. నాకు ఆ మాట సరిగ్గా తోచదు. పని పోలేదు, చేతులు మారింది. అందులో కొంత ఫోన్‌కి వెళ్ళింది, కొంత మన వంటింట్లోకి వచ్చింది. ఇంకొంత టీచరు నెత్తిమీదే కొత్తగా పడింది. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఒక రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళి రావాలి. విసుక్కోకుండా రండి.

1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎవరెవరు చదువుతున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లందరికీ రాశాడు. మర్నాటి ఏడు బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన నివేదిక చదివితే మన తాతల బడి కళ్ళకి కడుతుంది. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. తొమ్మిది లక్షల పైచిలుకు జనానికి 533 బడులు. తెలుగు నేర్పేవి 226, కన్నడం నేర్పేవి 235. పిల్లలు మొత్తం 6,641 మంది. వాళ్ళలో ఆడపిల్లలు ఎందరో తెలుసా? 60. వేలల్లో కాదు, వందల్లో కూడా కాదు, అరవై మంది.

పొద్దున్న ఆరింటికి బడి. అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరవాత వచ్చినవాళ్ళకి ఒక్కోటి చొప్పున ఎక్కువ. మా తాతయ్య చిన్నప్పుడు వీధిబడిలో చదివాడు. దీన్నే ఆయన "శ్రీ, చుక్క" అనేవాడు. శ్రీ కోసం తెల్లవారుజామున మొహం కడుక్కోకుండా పరిగెత్తేవాడట.

ఆ బడిలో అచ్చు పుస్తకం లేదు. ఇసకలో వేలితో రాయడం, అయ్యవారు చెప్పింది వల్లె వెయ్యడం. అంటే అయ్యవారే పుస్తకం. ఆయన నోట్లో ఉన్నదే చదువు. ఒక్కడే అంతమందికి ఎలా చెప్పగలడు? ముందు నేర్చుకున్న పిల్లలు వెనక ఉన్నవాళ్ళకి చెప్పేవారు. క్యాంప్‌బెల్ ఈ పద్ధతిని తెగ మెచ్చుకున్నాడు. అంతకు ముందే మద్రాసులో సైనికుల అనాథ పిల్లల బడి చూసుకున్న ఆండ్రూ బెల్ అనే ఆయన దీన్ని చూసి తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకంగా వేశాడు. మన వీధి అరుగు మీది పద్ధతి "మద్రాసు పద్ధతి" అనే పేరుతో ఇంగ్లండు బడుల్లోకి వెళ్ళింది. మనం మాత్రం అరుగులు పగలగొట్టి కారు పార్కింగులు కట్టుకున్నాం, అది వేరే సంగతి.

నాకు ఇందులో బాగా కావలసిన విషయం ఒకటుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఆడవాళ్ళు అయ్యవారిని ఎప్పుడు చూసేవారు? దసరాకి. పిల్లలు పూల బాణాలు పట్టుకుని, పాట పాడుకుంటూ, అయ్యవారి వెనక ఇంటింటికీ వచ్చేవారు. ఇంటి ఇల్లాలు ఆయనకి తాంబూలం, డబ్బులు, పిల్లలకి పప్పు బెల్లాలు పెట్టేది. ఏడాదికి ఒకసారి, గుమ్మం దగ్గర. బడిలో ఏం జరుగుతుందో ఆవిడకి తెలియదు, ఇంట్లో పిల్లాడు ఏం చేస్తున్నాడో ఆయన అడగడు. అదే మన పరిస్థితి చూడండి. నిన్న ఒక్క పూటలో మా అబ్బాయి తరగతి వాట్సాప్ గ్రూపులో ముప్ఫై ఎనిమిది మెసేజిలు!

1832లో మద్రాసులో పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి గారి బాలశిక్ష అచ్చయింది. తరవాత్తరవాత పెరిగి పెద్దబాలశిక్ష అయినది అదే. అచ్చు పుస్తకం వచ్చాక అయ్యవారు పుస్తకంగా ఉండాల్సిన అవసరం తప్పింది. గుర్తుపెట్టుకుని చెప్పేవాడు కాస్తా విడమరిచి చెప్పేవాడయ్యాడు. పుస్తకం చూస్తే చాలు, ఇక గురువెందుకు అని ఆ రోజుల్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. పుస్తకానికి ఇంకో గుణం కూడా ఉంది. అయ్యవారు గుమ్మం దాటి లోపలికి రాలేడు, పుస్తకం రాగలదు.

అలా లోపలికి వచ్చినదాన్ని అందుకున్న ఆవిడ భండారు అచ్చమాంబ గారు. 1874లో పుట్టారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది కూడా ఆ ఏడే. ఆయన 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని అనే పత్రిక కూడా పెట్టారు. అచ్చమాంబ గారు మాత్రం బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు ఇంట్లో చదువుకుంటుంటే, ఆ చదువు పక్కనే కూర్చుని తనూ నేర్చుకున్నారు. చివరికి దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలతో అబలా సచ్చరిత్ర రత్నమాల రాశారు. ఇంకొకరి కోసం ఇంట్లోకి వచ్చిన చదువుని పక్కనుంచి అందుకోవడం మన ఆడవాళ్ళకి పాత అలవాటే. దీన్ని కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

రేడియో సంగతి ఎక్కువ చెప్పను, మీలో చాలామందికి మీ అమ్మలు చెప్పే ఉంటారు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల కార్యక్రమాలతో ఇంటింటి చుట్టాలైపోయారు. తరవాత టీవీ. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, అమెరికా వాళ్ళ ఉపగ్రహాన్ని అరువు తీసుకుని మన దేశంలో సుమారు 2,400 పల్లెల్లో టీవీ పాఠాలు చూపించారు. ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున్న బడి పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్ళకి. సెలవుల్లో వేలాదిమంది టీచర్లకి సైన్సు ఎలా చెప్పాలో కూడా దాంట్లోనే నేర్పారు. టీవీ చెప్పుకుంటూ పోతుంది, పిల్లాడు నోరు తెరిచి చూస్తాడు. అర్థమైందా లేదా అని అడగాల్సింది మాత్రం ఆ పెట్టె పక్కన నిలబడ్డ మాస్టారే.

పుస్తకం, రేడియో, టీవీ ఈ మూడూ ఒకవైపే మాట్లాడేవి. సెల్‌ఫోన్ అలా కాదు. అది రెండువైపులా మాట్లాడుతుంది, ఫొటో తీస్తుంది, ఎవరు ఎప్పుడు చూశారో నీలం గీతలతో చాడీ కూడా చెబుతుంది. పైగా టీచరు చేతిలోనూ ఉంది, మన చేతిలోనూ ఉంది.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రలో సప్తగిరి ఛానెల్లో చెప్పారు. ప్రైవేటు బడులు జూమ్ పట్టుకున్నాయి. దేశం మొత్తంమీద పల్లెల్లో, బడికి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం ఉంటే, 2020కి 61.8 శాతం అయ్యాయని అసర్ నివేదిక చెప్పింది. రెండేళ్ళలో అంత పెరుగుదల! పిల్లల చదువు కోసం అప్పుచేసి కొన్న ఫోన్లు ఎన్నో. కానీ 2021లో అదే నివేదిక ఇంకో మాట చెప్పింది. ఇంట్లో ఫోన్ ఉన్నా, ప్రతి నలుగురు పిల్లల్లో ఒకరికి అది అందడం లేదు. ఎందుకు అందుతుంది, నాన్న పనికి పోతూ జేబులో పెట్టుకుపోతాడు కదా.

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడకి ఇద్దరు పిల్లలు. అప్పట్లో కూతురు ఏడో తరగతి, కొడుకు తొమ్మిది. ఉన్నది ఒక్క ఫోన్. ఇద్దరికీ పొద్దున్న పదింటికే క్లాసు. ఫోన్ ఎవరికి వెళ్ళిందో నేను చెప్పక్కర్లేదు. "వాడిది పెద్ద క్లాసు కదమ్మా, వచ్చే ఏడు టెన్తు" అంది ఆవిడ. ఆ పిల్ల అన్న పక్కన కూర్చుని వాడి పాఠమే వింటుండేది. నాలుగు నెలలు అలాగే జరిగింది.

అప్పుడు ఆ పిల్ల బడి తెలుగు టీచరు ఒక పని చేసింది. క్లాసుకి రాని పిల్లల పేర్లు రాసుకుని, రాత్రి ఎనిమిది దాటాక, నాన్నలు ఇంటికి వచ్చే వేళకి, ఒక్కొక్కరికీ మామూలు ఫోన్ చేసేది. వీడియో లేదు, జూమూ లేదు. పుస్తకం తీసి ఒక పేజీ చదివి వినిపించమనేది. ఎక్కడ తడబడితే అక్కడ ఆగమనేది. ఒక్కో పిల్లకి పది నిమిషాలు. వారానికి రెండుసార్లు. ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఒకసారి నేనూ విన్నాను. ఆ పిల్ల ఒత్తు పలకకుండా దాటేస్తే అవతలినుంచి "మళ్ళీ చదువమ్మా" అని వినబడింది. గొంతు మారితే చాలు, అర్థం కాలేదని పట్టేసుకుంటోంది ఆవిడ.

లక్షలు పోసి తీసిన వీడియో పాఠాలు చాలా చూశాను, బాగుంటాయి కూడా. కానీ ఆ ఏడాది మొత్తంలో నేను చూసిన నిజమైన మొబైల్ చదువు ఆ పది నిమిషాల కాల్. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ పాసైంది. కూతురు బిగ్గరగా చదువుతుంటే పక్కన ఇస్త్రీ చేస్తూ విన్న తల్లికి కూడా అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. అచ్చమాంబ గారి పద్ధతే! బడి గ్రూపులో "రేపు సెలవు" అని వస్తే ఇప్పుడు పిల్లలకంటే ముందు ఆవిడే చదివేస్తుంది.

ఆడపిల్లకి ఫోన్ ఆఖరున అందడం మాత్రం కోవిడ్‌తో పోలేదు. 2023 అసర్ లెక్క ప్రకారం, 14 నుంచి 18 ఏళ్ళ పిల్లల్లో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్ళని అడిగితే, సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు 43.7 శాతం, ఆడపిల్లలు 19.8 శాతం. చదువంతా ఫోన్‌లోకి మార్చేద్దాం అనేవాళ్ళు ఈ రెండు అంకెలూ గోడకి అంటించుకోవాలి. బళ్ళారిలో ఆరువేల ఆరొందల మందిలో అరవై నుంచి ఇక్కడిదాకా వచ్చాం, నిజమే. వాకిట్లో ఉన్న బడికి ఆడపిల్లని పంపించడానికే మనవాళ్ళకి వందేళ్ళు పైన పట్టింది. ఇప్పుడు ఆ బడి అన్నయ్య జేబులోకి వెళితే మళ్ళీ మొదటికొస్తుంది.

సరే, టీచర్ల వైపు ఏం జరుగుతోంది? మా ఆడపడుచు ఒక పల్లెటూళ్ళో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచరు. ఐదు తరగతులకి ఇద్దరు. పండక్కి వచ్చినా ఫోన్ చేతిలోంచి దిగదు. పిల్లల హాజరు ఒక యాప్‌లో, మధ్యాహ్న భోజనం లెక్క ఒకదాంట్లో, పరీక్ష మార్కులు ఇంకోదాంట్లో. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఫొటో తీసి పంపాలి. "వదినా, ఒకప్పుడు ఇన్‌స్పెక్టరు గారు ఏడాదికి రెండుసార్లు వచ్చేవారు. ఇప్పుడు ఆయన నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాడు" అంటుంది. పల్లెలో సిగ్నల్ లేక గోడెక్కి మరీ హాజరు పంపిన రోజులున్నాయట. పాఠం మధ్యలో సర్వరు తెరుచుకుంటే పాఠం ఆపి అది పూర్తి చెయ్యాలి, మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు కనక. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు తమ సొంత ఫోన్‌తో ముఖం ఫొటో తీసి హాజరు వెయ్యాలన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాలు గట్టిగానే ఎదురుతిరిగాయి. టీచర్లకి జనగణన, ఎన్నికలు, విపత్తుల పని తప్ప చదువుకి సంబంధం లేని పనులు చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది. ఫోన్‌లో నింపే ఈ లెక్కల గురించి మాత్రం అందులో ఎవరూ ఊహించలేదు.

ఇక మన సంగతి. రాత్రి పదిన్నరకి "మేడమ్, రేపు డ్రాయింగ్ బుక్ తేవాలా" అని మెసేజ్ పెట్టేది మనమే. జవాబు రాకపోతే ప్రశ్నార్థకం పెట్టేదీ మనమే. ఆవిడకీ పిల్లలుంటారు, ఆవిడ పొయ్యి మీదా పాలు పొంగుతాయి. దసరాకి ఒకసారి గుమ్మంలో కనిపించిన మనిషి రోజంతా మన చేతిలో ఉండేసరికి, ఆయన్ని ఎప్పుడు పలకరించాలో, ఎప్పుడు వదిలెయ్యాలో మనకింకా చేతకాలేదు. నా మట్టుకు సాయంత్రం ఏడు దాటితే బడి గ్రూపు తెరవకూడదని పెట్టుకున్నాను. డ్రాయింగ్ బుక్కు లేకపోతే ఆకాశం ఊడిపడదు.

ఫోన్‌తో మేలే జరగలేదా అంటే, జరిగింది. మహారాష్ట్రలో షోలాపూరు జిల్లా పరితేవాడి అనే ఊళ్ళో రంజిత్‌సిన్హ్ దిసలే అనే జిల్లా పరిషత్ టీచరు ఉండేవారు. అక్కడి పిల్లల ఇంటి భాష కన్నడం, పుస్తకాలేమో వేరే భాషలో. ఆయన కన్నడం నేర్చుకుని, పుస్తకాలని పిల్లల భాషలోకి తెచ్చి, క్యూఆర్ కోడ్‌లు పెట్టి, వాటిలో పాటలు, పాఠాలు, అభ్యాసాలు చేర్చారు. 2020లో ఆయనకి గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. పది లక్షల డాలర్లు! అందులో సగం ఫైనల్‌కి వచ్చిన మిగతా తొమ్మిది మంది టీచర్లకి పంచేశారు. ఆ కోడ్ అనే ముగ్గు ఎవరైనా వేస్తారు. పిల్లలకి పుస్తకం ఎందుకు అర్థం కావడం లేదో చూసి, ముందు తను వాళ్ళ భాష నేర్చుకున్నారే, అది టీచరు చేసిన పని.

ఇంకో చోట ఇంకో రకం. 1999లో ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్రా అనే ఆయన గోడకి కన్నం పెట్టి కంప్యూటరు అమర్చి, పిల్లలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటారని చూపించారు. తరవాత పుదుచ్చేరి దగ్గర ఒక పల్లెలో తమిళ పిల్లలకి ఇంగ్లీషులో ఉన్న జీవసాంకేతిక పాఠాలు కంప్యూటర్లో పెట్టి వదిలేస్తే, కొంతదూరం వెళ్ళి ఆగిపోయారట. అప్పుడు ఆ సబ్జెక్టు ఏమాత్రం రాని ఒక అమ్మాయిని వాళ్ళ వెనక నిలబెట్టారు. "అబ్బో, ఇది ఎలా చేశారు? నాకూ చూపించండి" అని బామ్మలా ముచ్చటపడటమే ఆ అమ్మాయి పని. మార్కులు ఇంకా పెరిగాయని ఆయనే చెప్పారు. టీచర్లే అక్కర్లేదనడానికి ఆయన మాటల్ని కొందరు వాడుకుంటారు గానీ, నాకు మాత్రం వెనక నిలబడ్డ ఆ అమ్మాయే కనిపిస్తుంది.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి, వాళ్ళ టీచర్లకి కలిపి ఐదు లక్షలకి పైగా ట్యాబులు ఇచ్చింది. వస్తువు చేరడం ఒక ఎత్తు, దాని వెనక ఎవరు నిలబడతారన్నది ఇంకో ఎత్తు.

ఇప్పుడైతే ఫోన్ పాఠం చూపించడం దాటి, అడిగితే జవాబు రాసి కూడా పెడుతోంది. క్రితం ఏడు మా అబ్బాయి తరగతిలో "మా ఊరు" అని వ్యాసం రాసుకు రమ్మంటే పది పన్నెండు మంది ఒకే ఊరు తెచ్చారట. అందరి ఊళ్ళోనూ పచ్చని పొలాలు, గలగలా పారే ఏరు, ప్రశాంత వాతావరణం. మా అబ్బాయి పుట్టింది పెరిగింది అపార్టుమెంటు మూడో అంతస్తులో. వాడి ఊళ్ళోనూ ఏరుంది!

వాళ్ళ తెలుగు మాస్టారు తిట్టలేదు. మర్నాడు వేరే పని ఇచ్చారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వాడిన వస్తువుల పేర్లు, ఇప్పుడు మీరు వాడనివి, పది రాసుకు రండి, ఒక్కోటి ఎందుకు వాడేవారో వాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాయండి అన్నారు. వాడు అలవాటు కొద్దీ ఫోన్‌ని అడిగాడు. అదేదో పదీ ఇచ్చింది. కానీ "మా నానమ్మ ఎందుకు వాడింది" అన్నది దానికేం తెలుసు? ఇక తప్పక మా అత్తయ్య దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ మొదలుపెట్టింది. ఉట్టి, కవ్వం, దుత్త, కుంపటి, తిరగలి, చేట, జల్లెడ, రోకలి, సోల, తవ్వ. పది అయిపోయాయి నానమ్మా అంటే వింటేనా! తిరగలి దగ్గర ఆగి, తను కాపరానికి వచ్చిన కొత్తలో తెల్లవారుజామున తిరగలి తిప్పుతూ ఏడ్చిన రోజు చెప్పింది. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆ సంగతి నాకూ తెలియదు. రాసుకోలేక మా అబ్బాయి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. నలభై నిమిషాలు వచ్చింది.

మాస్టారు ఆ రికార్డింగు తరగతిలో వినిపించారట. ఈ సోమవారానికి, ఎవరింట్లోనైనా నిజం కవ్వం ఉంటే పట్టుకు రమ్మన్నారు. మాది అటక మీద ఉండాలి. మా అత్తయ్య కింద నిలబడి ఏ మూల వెతకాలో చెబుతోంది, మావారు స్టూలు ఎక్కారు.